సూర్యకుటుంబపు పొలిమేర

ఆకాశమున నక్షత్రములు నియమము తప్పక ఉదయించి అస్తమించుచుండును. గ్రహములు నక్షత్రముల నడుమ చలించుచున్నను వాని మార్గములు పంచాంగకర్తలకు ముందుగనే తెలియును. గ్రహణములను సైతము ఘడియ విఘడియలతో ముందుగ చెప్పవచ్చును. కాని ఏ పంచాంగమునను పేరులేని అతిథి యొకటి అప్పుడప్పుడు ఆకాశమున కానవచ్చును. అది మొదట మసకగ నున్న చిన్న మచ్చవలె కనబడి, దినదినము పెరిగి, పొడవైన తోకను చాచి, కొన్ని వారములు వెలుగొంది, మరల సన్నగిల్లి మాయమగును. దీనినే తెలుగువారు తోకచుక్క యనిరి. పొగవంటి ధ్వజము గలది కనుక సంస్కృతమున దీనికి ధూమకేతువని పేరు కలిగెను.

చెప్పక వచ్చి చెప్పక పోవు ఈ అతిథిని చూచి లోకులు భయపడుట వింత కాదు. తోకచుక్క పొడమినచో రాజునకు మరణమనియు, దేశమునకు కరవనియు అనేక దేశముల జనులు నమ్మిరి. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతువుల ఫలములను చెప్పుటకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఈ భయము ప్రాచీనులతో అంతరింపలేదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, మే మాసమున భూమి దాని తోకగుండ సాగిపోవునని శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఆ తోకలో విషవాయువు కలదని విని పెక్కు దేశముల జనులు కలవరపడిరి. విషమునకు విరుగుడని మాత్రలు అమ్మి సొమ్ము చేసికొన్నవారును కలరు. అదే మాసమున ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు మరణించుట పాత నమ్మకమునకు బలము చేకూర్చెను. కాని తోకలోని వాయువు మిక్కిలి పలుచనిది. భూమి తన దారిని తాను పోయెను. ఎవరికిని ఏ హానియు కలుగలేదు. ఆ సంవత్సరమే గురజాడ అప్పారావు "ముత్యాల సరములు" అను గేయమును రచించెను. అందు ఈ తోకచుక్క ప్రస్తావన కలదు. జనులు కీడని తలచిన దానిని ఆ కవి శుభముగ భావించెను.

ఇంతకును ఈ అతిథి ఎచటినుండి వచ్చుచున్నది? మరల ఎచటికి పోవుచున్నది? గ్రహములన్నిటిని దాటిన పిమ్మట, సూర్యకాంతి నామమాత్రముగ సోకు చోట, లెక్కకు అందని మంచుగడ్డలు సూర్యుని చుట్టు తిరుగుచున్నవి. తోకచుక్కలకు అదియే పుట్టిల్లు. ఈ సంగతిని మనుష్యులు మొదట కంటితో చూచి తెలిసికొనలేదు. ముందు లెక్కచేతను తర్కముచేతను ఊహించిరి. పిమ్మట ఓర్పుతో వెదకి కనుగొనిరి. ఇందులకు నాలుగు వందల సంవత్సరములకు పైగా పట్టెను.

తోకచుక్కలు భూమికి సమీపమున గాలిలో పుట్టు మంటలని పూర్వము ఐరోపా పండితులు తలచుచుండిరి. 1577లో ఒక గొప్ప తోకచుక్క కనబడెను. డెన్మార్కు దేశీయుడగు టైకో బ్రాహి దాని స్థానమును జాగ్రత్తగ కొలిచి, దూరదేశములలో కొలిచినవారి లెక్కలతో పోల్చి చూచెను. అది సమీపముననే యున్నచో వేరువేరు చోట్లనుండి చూచినవారికి నక్షత్రముల నడుమ వేరువేరు తావులలో కనబడవలెను. అట్లు కనబడలేదు. కావున అది చంద్రునికంటెను మిక్కిలి దూరముననున్నదని ఆయన నిర్ణయించెను. తోకచుక్క గాలిలోని మంట కాదు, ఆకాశమున సంచరించు వస్తువని ఇట్లు తేలెను.

తరువాతి మెట్టు ఎడ్మండ్ హేలీది. ఈ ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు న్యూటన్ కనుగొనిన గురుత్వాకర్షణ సూత్రమును ఆధారముగ గొని పూర్వము కనబడిన తోకచుక్కల మార్గములను లెక్కించెను. 1531, 1607, 1682 సంవత్సరములలో వచ్చిన మూడును ఇంచుమించు ఒకే మార్గమున నడచినవని ఆయన గమనించెను. అవి మూడు తోకచుక్కలు కావనియు, సుమారు 76 సంవత్సరములకు ఒకసారి వచ్చు ఒక్కటే యనియు 1705లో ప్రకటించెను. 1758 చివర అది మరల రావలెనని చెప్పెను. హేలీ 1742లో మరణించెను. ఆయన చెప్పిన గడువు సమీపించినకొలది ఐరోపా అంతయు ఆకాశమువైపు చూచుచుండెను. 1758 డిసెంబరు 25వ తేది రాత్రి జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున యోహాన్ పాలిట్స్ అను రైతు తన దూరదర్శినితో ఆ తోకచుక్కను మొదట చూచెను. పొలము దున్నుకొని జీవించుచు, తనంతట తాను ఖగోళ శాస్త్రమును అభ్యసించినవాడతడు. పంచాంగమున లేని అతిథికి ఆ దినమున పంచాంగమున చోటు దొరకెను.

తోకచుక్క యనగా నేమి? దాని మధ్య ఒక చిన్న గడ్డ యుండును. అందు నీటిమంచు, గడ్డకట్టిన వాయువులు, ధూళి, రాతిరేణువులు కలసియుండును. ఈ సంగతిని 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ విపుల్ ప్రతిపాదించెను. వేసవిలో మంచుగడ్డను ఊకలో కప్పి ఉంచినట్లు, తోకచుక్కలోని మంచును నల్లని ధూళిపొర కప్పియుండును. సూర్యునకు దూరముగ నున్నంతకాలము ఆ గడ్డ చీకటిలో చీకటివలె నుండును. సూర్యుని సమీపింపగనే మంచు, కర్పూరమువలె, నీరుగ మారకయే ఆవిరియగును. ఆ ఆవిరి ధూళిని వెంటగొని పైకి చిమ్మును. సూర్యకాంతి యొత్తిడియు, సూర్యునినుండి వీచు విద్యుత్కణముల గాలియు దానిని వెనుకకు తోయును. అందుచేతనే తోకచుక్క ఏ దిక్కునకు పోవుచున్నను దాని తోక సూర్యునకు ఎదురువైపుననే యుండును. తోక లక్షల కిలోమీటర్ల పొడవున సాగినను, గడ్డ మాత్రము మిక్కిలి చిన్నది. 1986లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, మార్చి మాసమున జొట్టో అను ఐరోపా అంతరిక్షనౌక దాని సమీపమునకు పోయి ఛాయాచిత్రములు తీసెను. ఆ గడ్డ పొడవు సుమారు 15 కిలోమీటర్లు, వెడల్పు 8 కిలోమీటర్లు. అది బొగ్గుకంటెను నల్లగ నున్నది.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న కలదు. సూర్యుని చుట్టివచ్చిన ప్రతిసారియు తోకచుక్క కొంత మంచును పోగొట్టుకొనును. కొన్ని వందలో వేలో పర్యాయములు తిరిగినచో మంచు తరిగి, తోకలేని రాయిగ మిగులును. లేదా ముక్కలై చెదరిపోవును. సూర్యకుటుంబము పుట్టి సుమారు 460 కోట్ల సంవత్సరములైనది. ఈపాటికి తోకచుక్కలన్నియు అంతరించి యుండవలెను. అయినను ప్రతి సంవత్సరము కొత్తవి వచ్చుచునే యున్నవి. ఇంట ప్రతిదినము బియ్యము వండుచున్నను సంవత్సరము పొడవున అన్నమునకు లోటు లేకున్నచో, ఆ యింట గాదె యున్నదని చూడకయే చెప్పవచ్చును. అటులనే తోకచుక్కలకును ఎచటనో ఒక గాదె యుండవలెను.

1950లో హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు యాన్ ఊర్ట్ ఈ గాదె యెచటనున్నదో లెక్కచేత చూపెను. దీర్ఘకాలమునకు వచ్చు 19 తోకచుక్కల మార్గములను పరిశీలింపగా, వానిలో పెక్కు ఇంచుమించు ఒకే అపారదూరమునుండి బయలుదేరినట్లు ఆయనకు తోచెను. అవి ఒక దిక్కునుండి కాక అన్ని దిక్కులనుండి వచ్చుచున్నవి. కావున సూర్యకుటుంబమును నలుదెసల క్రమ్మిన పెద్ద గోళమువలె మంచుగడ్డల మేఘమొకటి కలదని ఆయన చెప్పెను. దానికి ఊర్ట్ మేఘమని పేరు. సమీపమున పోవు ఇతర నక్షత్రముల ఆకర్షణచే ఆ మేఘమునందలి గడ్డలు కొన్ని చోటు తప్పి సూర్యునివైపు జారును. అవియే దీర్ఘకాలపు తోకచుక్కలు.

కొద్దికాలమునకే మరల మరల వచ్చు తోకచుక్కల తీరు వేరు. వానిలో చాలవరకు గ్రహములు తిరుగు తలముననే తిరుగును. వీనికి మరియొక గాదె, బల్లపరుపుగ నున్నది, నెప్ట్యూన్ గ్రహమునకు ఆవల నుండవలెను. సూర్యకుటుంబము పుట్టినప్పుడు గ్రహములుగ కూడకుండ మిగిలిపోయిన చిన్న వస్తువులను గూర్చి 1943లో ఐర్లండు దేశీయుడు కెన్నెత్ ఎడ్జ్‌వర్తును, 1951లో గెరార్డ్ కైపరును వ్రాసిరి. 1980లో యురుగ్వే దేశీయుడు హూలియో ఫెర్నాండెజ్ ఈ తోకచుక్కలు అట్టి చోటునుండియే రావలెనని లెక్కించి చూపెను. ఈ రెండవ గాదెకు కైపర్ మేఖల యని పేరు వచ్చెను.

ఈ దూరములను కోట్ల కిలోమీటర్లలో చెప్పినచో మనస్సునకు పట్టవు. భూమికిని సూర్యునకును నడుమ దూరమే 15 కోట్ల కిలోమీటర్లు. కావున ఆ 15 కోట్ల కిలోమీటర్లను ఒక మీటరుగ కుదించి చూడవలెను. కోనసీమలోని కొత్తపేటలో ఒక కొబ్బరితోట కలదనుకొందము. చెట్టునకు చెట్టునకు నడుమ 8 మీటర్ల ఎడముండునట్లు చెట్లు వరుసగ నాటబడినవి. ఒక చెట్టు మొదట ఒక శనగగింజను ఉంచినచో, అదియే సూర్యుడు. దానికి ఒక మీటరు దూరమున, కంటికి కనబడీ కనబడని పిండిరేణువంత యున్నది భూమి. మొదటి పొరుగు చెట్టునకు చేరకమునుపే, 5 మీటర్ల దూరమున, గసగసమంత గురుగ్రహము తిరుగుచుండును. మొదటి పొరుగు చెట్టు దాటిన వెంటనే శని. రెండవ చెట్టు దాటినచో యురేనస్. నాలుగవ చెట్టునకు కొంచెము ఇవతల, 30 మీటర్ల దూరమున, నెప్ట్యూన్. పెద్ద గ్రహముల రాజ్యము అంతటితో సరి. నాలుగవ చెట్టునుండి ఆరవ చెట్టువరకు వ్యాపించినదే కైపర్ మేఖల.

ఆరవ చెట్టుతో తోట ముగియదు. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అను అంతరిక్షనౌక మనుష్యులు చేసిన వస్తువులలో నెల్ల దూరము పోయినది. అది క్షణమునకు సుమారు 17 కిలోమీటర్ల వేగమున అర్ధశతాబ్దమునకు దరిదాపుగ పరుగెత్తి, ఈ తోటలో ఇరువదవ చెట్టును మాత్రమే దాటగలిగెను. ఊర్ట్ మేఘపు లోపలి అంచు ఇంకను రెండు మొదలు ఐదు కిలోమీటర్ల దూరమున, ఊరు దాటిన పిమ్మట, పలివెల వంటి పొరుగు గ్రామముల పొలములలో మొదలగును. దాని వెలుపలి అంచు సుమారు 100 కిలోమీటర్లు. అనగా కొత్తపేటనుండి సూటిగ గీత గీచినచో తునివరకు. సూర్యునకు అత్యంత సమీపమున నున్న నక్షత్రము ఇదే కొలతలో దాదాపు 270 కిలోమీటర్ల దూరమున, శ్రీకాకుళము దరిదాపున నుండును. కొత్తపేటలోని శనగగింజ తన ఆకర్షణచే తునివద్ద నున్న మంచురేణువులను సైతము పట్టియుంచుచున్నదనిన, సూర్యకుటుంబము ఎంత విశాలమో ఊహింపవచ్చును. సూర్యకాంతి భూమిని చేరుటకు 8 నిమిషములు చాలును. ఊర్ట్ మేఘపు వెలుపలి అంచును చేరుటకు ఏడాదిన్నర పట్టును.

ఇంతదూరమున నున్న చిన్న గడ్డలను చూచుట ఎట్లు? వానికి స్వయంప్రకాశము లేదు. సూర్యకాంతి వానిపై పడి మరలి మనవద్దకు రావలెను. దూరము రెట్టింపైనచో అచ్చట పడు వెలుగు నాలుగవ వంతగును. మరలి వచ్చునప్పుడు అది మరల నాలుగవ వంతగును. అనగా మొత్తముమీద పదునారవ వంతు మాత్రమే కంటికి చేరును. ఇట్టివానిని వెదకుటకు ఒకటే ఉపాయము. ఆకాశమున ఒకే భాగమును కొన్ని దినముల ఎడముతో రెండుసార్లు ఛాయాచిత్రము తీయవలెను. ఆ రెండింటిని చుక్క చుక్కకు పోల్చి చూడవలెను. నక్షత్రములన్నియు ఉన్నచోటనే యుండును. వేలకొలది చుక్కలలో ఏదైన ఒకటి చోటు మారినచో, అది మన సూర్యకుటుంబమునకు చెందినదే.

ఈ ఉపాయముచేతనే ప్లూటో దొరకెను. దానిని కనుగొన్న క్లైడ్ టాంబో అమెరికాలోని కాన్సస్ ప్రాంతపు రైతు కుమారుడు. వడగండ్లవానకు పైరు నాశనమగుటచే అతనికి కళాశాలకు పోవు స్తోమత లేకపోయెను. అతడు పాత యంత్రముల భాగములతో దూరదర్శినులను తానే చేసికొని, గురుడు, అంగారకుడు తనకు కనబడిన తీరును చిత్రించి లోవెల్ వేధశాలకు పంపెను. ఆ చిత్రములను మెచ్చి వారు 1929లో అతనికి పని యిచ్చిరి. అతడు నెలలకొలది ఛాయాచిత్రపు పలకలను పోల్చి చూచి, 1930 ఫిబ్రవరి 18న, జనవరి 23, 29 తేదులలో తీసిన పలకలలో ఒక చుక్క కదలినట్లు గుర్తించెను. అప్పటికి అతని వయస్సు 24 సంవత్సరములు. ఆ కొత్త గ్రహమునకు ప్లూటో యను పేరును సూచించినది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున నివసించు 11 సంవత్సరముల బాలిక వెనీషియా బర్నీ.

తెలుగుదేశమునకును ఈ అన్వేషణకును సంబంధము కలదు. 1901లో హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ ఒక వేధశాలను నెలకొల్పెను. దానికి నిజామియా వేధశాల యని పేరు. 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందెను. ఆకాశమునంతను ఛాయాచిత్రములలో బంధించి నక్షత్రముల పట్టిక వ్రాయుటకు వివిధదేశముల వేధశాలలు పూనుకొనినప్పుడు, అందు ఒక భాగమును నిజామియా వేధశాల వహించెను. ఆ వేధశాలలో మలయాళ దేశీయుడగు బాపు అను సహాయ శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. ఆయన కుమారుడు వేణు బాపు. తండ్రి వెంట బాల్యముననే దూరదర్శినులతో పరిచయము గలిగి, హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, వేణు బాపు హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను.

అచటికి చేరిన కొద్ది మాసములకే, 1949 జూలైలో, తాను తీసిన ఛాయాచిత్రపు పలకను పరీక్షించుచు ఆ యువకుడు ఒక మసక చుక్కను చూచెను. అది ఏ పట్టికయందును లేదు. ఆచార్యుడు బార్ట్ బాకును, సహవిద్యార్థి గోర్డన్ న్యూకర్కును అది కొత్త తోకచుక్కయేనని నిర్ధారించుటలో తోడ్పడిరి. ముగ్గురి పేరున దానిని బాపు-బాక్-న్యూకర్క్ తోకచుక్క యందురు. అది మరల సూర్యుని సమీపించుటకు వేలకొలది సంవత్సరములు పట్టును. ఈ కృషికి పసిఫిక్ ఖగోళ సంఘము వేణు బాపునకు డోనో పతకము నొసగెను. తరువాత ఆయన స్వదేశమునకు వచ్చి, కొడైకెనాల్ వేధశాలకు అధిపతియై, తమిళనాడులోని కావలూరున కొత్త వేధశాలను నెలకొల్పెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1982లో మరణించెను. 1986లో కావలూరున ప్రారంభమైన 2.3 మీటర్ల దూరదర్శినికి ఆయన పేరే పెట్టబడెను.

కైపర్ మేఖల యనునది చాలకాలము కాగితముపైని లెక్కగనే యుండెను. 1987లో డేవిడ్ జూయిట్ అను శాస్త్రజ్ఞుడును, అతని శిష్యురాలు జేన్ లూయును దానిని వెదకుటకు పూనుకొనిరి. జేన్ లూ వియత్నాములో పుట్టి, యుద్ధము వలన బాల్యముననే అమెరికాకు శరణార్థిగ వచ్చినది. అయిదు సంవత్సరములు వారికి ఏమియు దొరకలేదు. 1992 ఆగస్టు 30న హవాయి దీవిలోని మౌనకియా పర్వతముపై నున్న దూరదర్శినితో తీసిన చిత్రములలో ఒక చుక్క మెల్లగ కదలుట వారు చూచిరి. అది ప్లూటోకును ఆవల నున్నట్లు తేలెను. వెదకిన కొలది ఇంకను దొరకెను. నేటికి మూడు వేలకు పైబడిన వస్తువులు అచ్చట కనుగొనబడినవి. నూరు కిలోమీటర్లకు మించిన వెడల్పు గలవే లక్షకు పైగా నుండునని శాస్త్రజ్ఞుల అంచనా.

దీనితో ప్లూటో స్థానమునకే ముప్పు వచ్చెను. 2005లో ఎరిస్ అను వస్తువు కనుగొనబడెను. అది ఇంచుమించు ప్లూటోయంతటిది. ప్లూటో గ్రహమైనచో ఎరిస్ పదవ గ్రహము కావలెను; పిమ్మట ఎన్ని దొరకిన అన్నియు గ్రహములే కావలెను. ఆలోచింపగా, ప్లూటో అడ్డుకొలత 2,377 కిలోమీటర్లు మాత్రమే. మన చంద్రుడు దానికంటె పెద్ద. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సంఘము గ్రహమునకు ఒక నిర్వచనము చేసెను. గ్రహము సూర్యుని చుట్టు తిరుగవలెను, గుండ్రముగ నుండవలెను, తన దారిలో ఇతర వస్తువులు లేకుండ తొలగించుకొని యుండవలెను. ఈ మూడవ లక్షణము ప్లూటోకు లేదు. కావున దానిని మరుగుజ్జు గ్రహముల తరగతిలో చేర్చిరి. 76 సంవత్సరములు పాఠ్యపుస్తకములలో తొమ్మిదవ గ్రహముగ వెలిగినదానిని తొలగించుట కొందరికి బాధ కలిగించెను. కాని ప్లూటోకు దీనివలన కొరత లేదు. కడపటి చిన్న గ్రహముగ నున్నది, ఒక గొప్ప మేఖలలో మొట్టమొదట దొరకిన సభ్యుడుగ మారినది. కొత్త సాక్ష్యము దొరకినప్పుడు పాత మాటను దిద్దుకొనుట శాస్త్రమునకు అవమానము కాదు. అదియే దాని బలము.

2006 జనవరిలో న్యూ హొరైజన్స్ అను అంతరిక్షనౌక ప్లూటోవైపు బయలుదేరెను. అందు క్లైడ్ టాంబో చితాభస్మము కొంత ఉంచబడెను. తొమ్మిదిన్నర సంవత్సరములు పయనించి 2015 జూలై 14న అది ప్లూటోను సమీపించెను. సున్నకు సుమారు 230 డిగ్రీలు దిగువనున్న శీతలమున, మనము పీల్చు గాలిలోని నత్రజనియే అచ్చట గడ్డకట్టి విశాలమైన మైదానమైనది. నీటిమంచు రాయివలె గట్టిపడి మూడు కిలోమీటర్లకు మించిన పర్వతములుగ నిలిచినది. 2019 జనవరి 1న ఆ నౌక ఇంకను దూరముననున్న అరొకోత్ అను గడ్డను దాటిపోయెను. అది సుమారు 36 కిలోమీటర్ల పొడవు గలది. రెండు ఉండలు మెత్తగ తాకి అతుకుకొన్నట్లు దాని రూపము కలదు. పెద్ద గ్రహములు ఎట్లు చిన్న ముద్దల కలయికచే ఏర్పడినవో తెలిసికొనుటకు అది చక్కని నిదర్శనము.

ఇంత శ్రమపడి ఈ మంచుగడ్డలను వెదకుట ఎందులకు? భూమిపై నున్న రాళ్లు కరగి, అరిగి, మరల మరల రూపము మారినవి. భూమి పుట్టుకనాటి సంగతులు వానియందు మిగులలేదు. పొలిమేరనున్న మంచుగడ్డలు మాత్రము 460 కోట్ల సంవత్సరముల నాటి ద్రవ్యమును ఆ చలిలో చెడకుండ దాచియుంచినవి. 2014లో రోజెట్టా అను ఐరోపా నౌక ఒక తోకచుక్కను చేరి, రెండు సంవత్సరములు దానితో పాటు తిరిగెను. ఆ తోకచుక్కను ఆవరించిన వాయువులో గ్లైసిన్ అను పదార్థము కలదని అది కనుగొనెను. జీవుల దేహములందలి మాంసకృత్తులు ఏ పదార్థములతో ఏర్పడునో, వానిలో గ్లైసిన్ ఒకటి. కీడు మూటగట్టుకొని వచ్చుచున్నదని జనులు భయపడిన అతిథి, ప్రాణికోటికి వలసిన మూలద్రవ్యములను మోయుచున్నదని ఇట్లు తెలియవచ్చెను.

ఊర్ట్ మేఘమునందలి గడ్డను దాని స్వస్థానమున నేటివరకు ఎవరును చూడలేదు. ఆ గాదె ఇంకను లెక్కలోనిదే. కైపర్ మేఖలయు 1992 వరకు అట్లే యుండెను. ఇట్టి వస్తువులను వెదకుటకు నేడు మునుపటికంటె బలమైన సాధనములు కలవు. పలకలను కంటితో పోల్చు పనిని గణనయంత్రములు చేయుచున్నవి. దొరకిన చుక్క నిజమైనదా కాదా యని తేల్చుటకు మాత్రము నాటివలెనే నేడును ఓర్పు గల మనుష్యులు కావలెను.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో తన మార్గమునందలి దూరపు కొనను చేరెను. కొత్తపేట కొబ్బరితోటలో అది నెప్ట్యూనును దాటి, నాలుగవ చెట్టునకు కొంచెము ఆవల, 35 మీటర్ల దూరమున నున్నట్లు లెక్క. ఏ దూరదర్శినితో చూచినను అప్పుడు దానికి తోక లేదు. అది చీకటిలో తిరుగు ఒక నల్లని గడ్డ. అచటనుండి అది మరలినది. ప్రతిదినము కొంత కొంత సూర్యునివైపు జారుచున్నది. 2061 జూలై చివర అది సూర్యుని సమీపించును. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలు అప్పటికి నడివయస్కులై తమ పిల్లలకు దానిని చూపుదురు. చూపునప్పుడు భయపడవలదని చెప్పవలసిన పని యుండదు. అది ఎచటినుండి వచ్చినదో, మరల ఎప్పుడు వచ్చునో చెప్పిన చాలును.